చర్చి కంప్యూటరుతో పాటు లేచినవాళ్ళు

మా చర్చికి కంప్యూటరు వచ్చింది నా వల్లే. దానివల్ల జరిగినవన్నీ కూడా నా వల్లే జరిగాయని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. రెండో మాట పూర్తిగా నిజం కాదు కానీ, పూర్తిగా అబద్ధమనీ చెప్పలేను.

నేను మార్కాపురంలో ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే పని చేస్తాను. మా ఊరు కొనకనమిట్ల వైపు. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను, దుకాణం తెరిచే ఉన్నా ఆదివారం నాకు సెలవు. మా చర్చి చిన్నది. రేకుల కప్పు, సున్నం కొట్టిన గోడలు, ఎడమ పక్క ఆడవాళ్ళకు చాపలు, కుడి పక్క మగవాళ్ళకు చాపలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు గోడ వారగా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. గంట కొట్టేదీ తాళం వేసేదీ మా నాయన. ఆడవాళ్ళ పక్క మొదటి చాప మీద, మొదటి మనిషిగా కూర్చునేది మా అమ్మకు అక్క, మా పెద్దమ్మ. ఆమె మెల్లగా మాట్లాడితే వెనక కుర్చీల్లోకి వినిపిస్తుంది. గట్టిగా మాట్లాడితే రోడ్డు మీదికి.

ఒంగోలులో ఉద్యోగం చేసే మా ఊరి కుటుంబం ఒకటి చర్చికి ప్రొజెక్టరు ఇచ్చింది. పాటల పుస్తకాలు చిరిగిపోయాయి, ఉన్నవాటిలో అక్షరాలు పెద్దవాళ్ళకు ఆనడం లేదు, గోడ మీద పెద్దగా వేస్తే అందరూ చూసి పాడతారని వాళ్ళ ఆలోచన. అది కొన్ని నెలలు అట్టపెట్టెలోనే ఉండిపోయింది, తగిలించడానికి కంప్యూటరు లేక. అంతలో మా దుకాణం ఓనరు కొత్త కంప్యూటరు కొని పాతదాన్ని మెట్ల కింద పెట్టించారు. అడగనా వద్దా అని వారం రోజులు నాలో నేనే తిప్పలు పడి, చివరికి అడిగాను.

"దేవుడి పనికే కదమ్మా, తీసుకపో," అన్నారాయన. ఏ దేవుడని అడగలేదు. "కాకపోతే అది లేచేదానికి కొంచెం టైం పడతది. నాలాగే."

ఆయన అన్న కొంచెం టైము పావుగంట. మీట నొక్కాక చాలాసేపు ఒక గుండ్రం తిరుగుతుంది. తెర వస్తుంది కానీ ఏం నొక్కినా పలకదు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి వస్తారు. ఈ రోజు బంగారం ధర. ఈ రోజు రాశిఫలం. ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేసిన ప్రింటరు, తనలో కాగితం లేదని ఫిర్యాదు. గడువు అయిపోయిన యాంటీవైరస్, తాను లేకపోతే మన గతేమిటన్న బెదిరింపు. వీళ్ళందరికీ సమాధానం చెప్పి పంపాకే మన పని.

ఎలాగోలా పాటల ప్రోగ్రాం ఎక్కించాను. అది చరణాలను గోడ మీద చూపిస్తుంది. ఫోనులో దాని జోడు ప్రోగ్రాం పెట్టుకుంటే, కూర్చున్నచోటి నుంచే చరణం మార్చవచ్చు. ఆ పని పాస్టరయ్యగారి భార్య తీసుకున్నారు. మేం ఆమెను అమ్మగారు అంటాం, ఆయన్ను అయ్యగారు అంటాం. కంప్యూటరుకు నెట్టు కూడా అమ్మగారి ఫోను నుంచే. ఆదివారం పొద్దున్నే వెళ్ళి మీట నొక్కే బాధ్యత మాత్రం నాయన తనంతట తానే మీద వేసుకున్నాడు. ఇంటికొచ్చి, "లేపొచ్చినా. లేస్తాంది," అని చెప్పి టీ తాగేవాడు.

మొదటి ఆదివారం రెండు పాటలు చక్కగా నడిచాయి. మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. ఐదు నిమిషాలకు వచ్చింది. నేను మళ్ళీ మీట నొక్కాను. అది లేచేలోపు ఊరికే ఎందుకని అయ్యగారు, "అందరూ కళ్ళు మూసుకోండి. మౌనంగా ఉండి, దేవుడు ఈ పొద్దు మనతో ఏం మాట్లాడతాడో విందాం," అన్నారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. పసిపిల్లలు కూడా ఏడవలేదు. అంత మౌనం మా చర్చిలో నేనెప్పుడూ వినలేదు. ఆ మౌనంలో, గోడకున్న రెండు సౌండు బాక్సుల్లోంచి ఒక ఆడగొంతు లేచింది.

"రండమ్మా రండి! ఆలోచించొద్దు, ఆలస్యం చెయ్యొద్దు! పట్టుచీర కొంటే జాకెట్టు ముక్క ఉచితం!"

ఆ గొంతు నాది. ఆషాఢం అమ్మకాల కోసం ఓనరు నా చేత చెప్పించి రికార్డు చేయించారు. ఆ నెలంతా దుకాణం ముందు బాక్సులో రోజూ అది మోగేది. నేను వెళ్ళేసరికే మోగుతుండేది కాబట్టి ఆయనే పొద్దున పెడతారనుకున్నాను. పెట్టనక్కర్లేకుండా, కంప్యూటరు లేవగానే అదీ లేచేలా ఎవరో ఏర్పాటు చేశారని నాకు తెలియదు. ఆ పొద్దున నాయన లేపినప్పుడు మైకుసెట్టు ఇంకా వేయలేదు కాబట్టి ఎవరూ వినలేదు. ఇప్పుడు సంఘమంతా విన్నది. నేను వైరు కోసం బల్ల కింద వెతుకుతుండగానే నా గొంతు చిన్నపిల్లల గౌన్ల దాకా వెళ్ళిపోయింది.

అయ్యగారు మంచి మనిషి. "ఆమేన్" అని మాత్రం అని, పాటకు సైగ చేశారు.

ఆరాధన అయ్యాక పెద్దమ్మ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందేమోనని తల వంచుకున్నాను.

"పాపా, ఆ జాకెట్టు ముక్క ఇంకా ఇస్తాండారా?"

"అది పోయిన ఆషాఢంది పెద్దమ్మా."

"మరి ఈ పొద్దు ఎందుకు చెప్పినావు?"

ఆ వారం కంప్యూటరు ముందు కూర్చుని, అది లేచేటప్పుడు వెంట లేచేవాటి పట్టిక ఎక్కడుంటుందో కనిపెట్టాను. ఇరవైకి పైగా పేర్లున్నాయి, అన్నీ ఇంగ్లీషులో, ఏది ఏమిటో చెప్పని పేర్లు. ఒక్కొక్కదాన్నీ అనుమానించే ఓపిక లేక అన్నిటినీ ఆపేశాను. రెండో ఆదివారం నాయన వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాడు. ముఖంలో కలవరం.

"మే, నేను చెయ్యి తియ్యకముందే లేచింది. ఏమన్నా చెడిపోయిందేమో చూడు."

నేను గర్వంగా నవ్వాను. ఆ గర్వం పన్నెండు గంటల వరకు నిలిచింది. ఆరాధన చివర్లో అయ్యగారు, "బుధవారం ఉపవాస ప్రార్థన ఎవరింట్లోనో గోడ మీద కొట్టమ్మా, అందరూ చూసుకుంటారు," అన్నారు. కొట్టాను. గోడ మీద ఒక్క తెలుగు అక్షరం పడలేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు, డాలరు గుర్తు, అన్నీ కలిసి ఒక వరుసగా పడ్డాయి. తెలుగు టైపు చేయించే ప్రోగ్రాం కూడా ఆ పట్టికలోనిదే. నేను ఆపినవాళ్ళలో అదీ ఉంది.

సంఘం గోడ వైపు చూసింది. నేను చెరుపుతున్నకొద్దీ ఇంకా పడుతున్నాయి.

"అయ్యగారూ," అంది పెద్దమ్మ మొదటి చాప మీద నుంచి, "ఇది పరిశుద్ధాత్మ అన్యభాషల్లో పలికించిందేమో. అర్థం చెప్పేవాళ్ళు ఎవరన్నా లేస్తారేమో చూడండి."

ఆమె వేళాకోళానికి అనలేదు. అయ్యగారు కూడా గోడను అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపే చూశారు. ఆ తర్వాత ప్రార్థన ఎవరింట్లోనో నోటితోనే చెప్పారు.

అందరూ ఇళ్ళకు వెళ్ళాక మళ్ళీ పట్టిక తెరిచాను. ఏ పేరు తెలుగుదో అర్థం కాలేదు. అందుకని నా గొంతును ఒక్కదాన్ని ఆపి, మిగతా అందరినీ మళ్ళీ లేవమన్నాను. బంగారం ధర, రాశిఫలం, లేని ప్రింటరు, అందరూ తిరిగొచ్చారు. వాళ్ళతో పాటు ఇంకెవరు వచ్చారో మూడో ఆదివారం దాకా తెలియలేదు.

ఆ రోజు అయ్యగారు వాక్యం చెబుతున్నారు. గోడ మీద ఆ పూట వచనం పెట్టి నేను బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్నాను. చేతులు కట్టుకునే ఉన్నాను, ఇది ముఖ్యం. ముందుగా చూసింది పెద్దమ్మే.

"బాణం కదులుతాంది."

అందరం చూశాం. గోడ మీద మౌసు బాణం మెల్లగా ఎడమ నుంచి కుడికి పోతోంది. ఆగింది. మళ్ళీ కిందికి దిగింది. సంఘమంతా నా వైపు తిరిగింది. నేను రెండు చేతులూ పైకెత్తి చూపించాను. మౌసు బల్ల మీద ఒంటరిగా ఉంది. బాణం గోడ మీద తిరుగుతోంది.

వెనక ఎవరో "ప్రభువా" అన్నారు. ఒకామె బిడ్డను కొంగులోకి లాక్కుంది. నాయన లేచి గోడకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. ఆయన ఉద్దేశమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, బహుశా ఆయనకూ తెలియదు. బాణం ఆయన తెల్లచొక్కా మీదికెక్కి, జేబు దగ్గర కాసేపు ఆగి, భుజం మీదుగా అవతలికి దిగింది. నాయన కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడే ఉన్నాడు.

అయ్యగారు చెయ్యి చాపి, గొంతు పెంచి, ఏ శక్తి అయినా సరే ఈ స్థలం విడిచి పొమ్మని గద్దించారు.

బాణం ఆగిపోయింది.

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. "స్తోత్రం" అనే మాట సగంలో ఉండగా గోడ మీద తెల్లటి కాగితం లాంటి కిటికీ తెరుచుకుంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు, ఒక్కో అక్షరమే పడసాగాయి. చదువుకున్న కుర్రవాళ్ళు బయటికి చదివారు.

"అన్నా, ఉన్నారా?"

పెద్దమ్మ అంది: "అన్నా అంటాంది. దయ్యమైతే అంత మర్యాదగా పిలుస్తదా?"

ఇంకో వరుస పడింది. "బిల్లు ప్రింటు రావడం లేదన్నారు కదా, చూస్తున్నా."

అప్పుడు నాకు వెలిగింది. మా దుకాణం కంప్యూటర్లు బాగుచేసేది గిద్దలూరులో ఉండే ఒకాయన. ప్రతిసారీ అంత దూరం రాలేక, అక్కడి నుంచే లోపలికి వచ్చి చూసే ప్రోగ్రాం ఒకటి పెట్టుకున్నాడు. ఆ రోజు దుకాణంలో కొత్త కంప్యూటరు మొరాయిస్తే ఓనరు ఫోను చేశారు. ఆయన తన దగ్గరున్న జాబితాలో మా దుకాణం పేరు చూసి నొక్కాడు. ఆ పేరుతో రెండున్నాయి. ఒకటి చర్చిలో ఉంది.

నేను కీబోర్డు ముందుకు లాక్కున్నాను. ఇలా కొట్టాను: "నేను అన్నను కాదు. బిల్లులు కొట్టే అమ్మాయిని. ఇది మా ఊరి చర్చి. ఆరాధన జరుగుతోంది. అందరూ చూస్తున్నారు."

బాణం కదల్లేదు. ఆ తర్వాత, "అందరూనా?" అని పడింది. దాని కింద, "అందరికీ వందనాలు" అని పడింది. కిటికీ మూసుకుంది.

సంఘం అలవాటు కొద్దీ "వందనాలు" అంది, గోడతో.

మరుసటి వారం ఒక రోజు సెలవు పెట్టి, సీపీయూ డబ్బాను గోనెసంచిలో చుట్టి, మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి గిద్దలూరు వెళ్ళాను. దారి పొడవునా అది నా ఒళ్ళోనే ఉంది. ఎదురు సీటులో ముసలాయన అది బియ్యమా అని అడిగి, కాదంటే నమ్మలేదు. మెకానిక్ దుకాణం స్టేషనుకు దగ్గర్లోనే, ఒక సందులో. ఆయనకు యాభై ఉంటాయి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, దానికోసం బల్లంతా వెతుక్కుంటున్నాడు. నన్ను చూసి సంచిని చూసి నిలబడిపోయాడు.

"నువ్వేనా తల్లీ చర్చిలో ఉన్నది? ఆ పొద్దంతా నాకు అన్నం దిగలేదు. ఎంతమంది చూసినారు?"

"అందరూ చూసినారన్నా. మా నాయన మీదుగా కూడా పోయినావు."

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. టీ తెప్పించాడు. డబ్బాకు వైర్లు తగిలించి, పట్టిక తెరిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కో పేరు మీద వేలు పెట్టి ఇది ఏమిటి, ఇది లేకపోతే ఏం ఆగుతుంది అని చెప్పాడు. రాశిఫలం ఓనరుగారి భార్య పెట్టించుకున్నదట. ప్రింటరువి మూడు, ఒక్కటీ బతికి లేదు. తెలుగు టైపుది ఉంచమన్నాడు. ఒక పేరు దగ్గర వేలు ఆగింది.

"ఇది నాది," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

దాన్ని తీసేశాడు. ఆ తర్వాత ఇంకో పేజీ తెరిచాడు. అందులో ఎర్రటి గుర్తు ఉంది. బయటినుంచి ఎవరూ చొరబడకుండా కాపు కాసే ఫైర్‌వాల్ ఆపి ఉందని నాకే అర్థమైంది.

"ఇది ఎవరు ఆపినారన్నా?"

"నేనే. నాకు ఊరికే అడ్డమొస్తాందని."

"అంటే నువ్వు వచ్చేదానికని తలుపు తీసిపెట్టి పోయినావా?"

"వచ్చేది నేనొక్కణ్ణే కదమ్మా."

"ఆ సంగతి తలుపుకు తెలుసా?"

ఆయన కళ్ళజోడు నుదుటి మీద నుంచి దింపి కళ్ళకు పెట్టుకున్నాడు. ఫైర్‌వాల్ వేశాడు. గుర్తు పచ్చగా మారింది. "ఇంక ఇది కంప్యూటరుతో పాటే లేస్తది. ఏ ప్రోగ్రామన్నా బయటినుంచి ఎవరినన్నా రానిస్తానంటే, ముందు నిన్నడగతది. అడిగినప్పుడు చూసి చెప్పు. తొందరపడి నొక్కొద్దు."

ఆ మాట నేను అయ్యగారికి చెప్పాను. ఫైర్‌వాల్ అంటే ఏమిటని అడిగితే, ఎలా చెప్పాలో తెలియక, నిప్పుతో కట్టిన గోడ లాంటిదన్నాను.

"అగ్ని ప్రాకారం!" అని అయ్యగారు కుర్చీలోంచి లేచారు. బైబిలులోని ఆ మాట ఆయనకు ఎప్పటి నుంచో తెలిసిన మాట. తన కంప్యూటరులోనే ఉందని తెలియదు, అంతే. ఆదివారం ఆరాధన మొదట్లోనే సంఘానికి ప్రకటించారు, ఇక మన కంప్యూటరు చుట్టూ అగ్ని ప్రాకారం ఉంది, ఎవరూ భయపడనక్కర్లేదని. అందరూ స్తోత్రం అన్నారు. నాయన కూడా కాస్త నిటారుగా కూర్చున్నాడు.

నేను పాటల ప్రోగ్రాం తెరిచాను. గోడ మీద పాట రాలేదు. పెద్ద కిటికీ వచ్చింది, ఇంగ్లీషులో.

"ఏమంటాంది?" అంది పెద్దమ్మ.

"అడగతాంది పెద్దమ్మా. ఈ ప్రోగ్రాం బయటి ఫోనుతో మాట్లాడాలంట. మాట్లాడనియ్యాలా వద్దా అని."

"ఎవరిదా ప్రోగ్రాం?"

చూశాను. "తయారుచేసినవాళ్ళు ఎవరో తెలియదు అని రాసుంది."

ఆ మాట నేను చెప్పకుండా ఉండాల్సింది. పోయిన వారం బాణాన్ని ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఎవరి బిడ్డో తెలియకుండా ఎట్ల రానిస్తామని ఒకరు, మన పాటలదే కదా నొక్కక్కా అని వెనక కుర్రవాళ్ళు, ఒక వారం ప్రార్థన చేసి నిర్ణయించుకుందామని ఒక సంఘ పెద్ద. నేను ఇంకో తప్పు చేశాను. అక్కడ రెండు గడులున్నాయని, ఒకటి సొంత నెట్టుకు, ఒకటి పబ్లిక్ నెట్టుకు అని, దేనికి టిక్కు పెట్టాలో అయ్యగారిని అడిగాను.

"మనది పబ్లికే," అన్నారు అయ్యగారు వెంటనే. "సంఘం తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి."

"ఎట్ల పబ్లిక్ అయ్యగారూ?" అన్నాడు నాయన. అయ్యగారి మాటకు ఆయన ఎదురుచెప్పడం నేను చూడటం అదే మొదలు. "రోజూ తాళమేసేది నేనే కదా."

సంఘం రెండుగా చీలింది. పబ్లిక్ కాకపోతే కొత్తవాళ్ళు ఎట్ల వస్తారన్నారు అటువాళ్ళు. సొంతం కాకపోతే చాపలు ఎందుకు పోవడం లేదన్నారు ఇటువాళ్ళు. పోయిన ఏడాది ఒక చాప పోయిందని ఎవరో గుర్తుచేశారు. గోడ మీద కిటికీ ఓపిగ్గా ఎదురుచూస్తూనే ఉంది.

చివరికి అమ్మగారు లేచారు. ఆమె సభలో మాట్లాడటం తక్కువ.

"నెట్టు చర్చిది కాదు. నా ఫోనుది. నా ఫోను నా సొంతం. టిక్కు పెట్టమ్మా, పాట మొదలుపెడదాం."

సొంతం అన్నచోట టిక్కు పెట్టి, అనుమతించాను. గోడ మీద పాట వచ్చింది. కానీ అమ్మగారు ఫోనులో ఎంత నొక్కినా చరణం మారలేదు. ఆమె నెట్టు మొదట తగిలించిన రోజు కంప్యూటరు అడిగితే, ఆలోచించకుండా పబ్లిక్ అని చెప్పింది నేనే. సొంతానికిచ్చిన అనుమతి దానికి చెల్లదు. ఆ విషయం సంఘానికి చెబితే వాదం మళ్ళీ మొదలవుతుందని, నోరు మూసుకుని, వాళ్ళు పల్లవిని నాలుగుసార్లు తిప్పి పాడేలోపు ఆ పేజీ వెతికి సరిచేశాను. ఐదోసారికి చరణం మారింది. ఆ రోజు పాటలో చాలా ఆత్మ ఉందని అయ్యగారు తర్వాత అన్నారు.

అప్పటి నుంచి ఆరాధన అయ్యాక నా దగ్గర ఒక వరుస నిలబడుతోంది. అందరి చేతుల్లో ఫోన్లు. ఇది ఫొటోలు చూస్తానంటాంది, ఇది నేను యాడుండేదీ చెప్పమంటాంది, రానియ్యాలా వద్దా? ఒకామె ఫోనులో టార్చిలైటు ప్రోగ్రాం ఆమెకు తెలిసినవాళ్ళ నెంబర్లన్నీ అడుగుతోంది. దీపానికి నెంబర్లెందుకని ఆమే తీసేసింది. నాకు సంతోషమేసింది.

పెద్దమ్మ మాత్రం వరుసలో నిలబడదు. ఆమెకు సలహా అక్కర్లేదు. ఫోను ఏది అడిగినా వద్దనే నొక్కుతుంది. కంభంలో ఉండే ఆమె కూతురు, అంటే మా అక్క, ఒకరోజు నాకు ఫోను చేసింది. రెండు నెలలుగా వీడియో కాల్‌లో అమ్మ మాట వినిపిస్తుంది కానీ మనిషి కనిపించడం లేదు, అంతా నల్లగా వస్తోంది, కెమెరా పాడైనట్టుంది, మార్కాపురంలో చూపించమని.

సాయంత్రం వెళ్ళి చూశాను. కెమెరాకు ఏ రోగమూ లేదు.

"పెద్దమ్మా, ఇది కెమెరా అడిగితే వద్దని నొక్కినావా?"

"తెలిసే నొక్కినా," అంది పెద్దమ్మ చేటలో కందులు ఏరుతూ. "పొద్దున్నే, నేనింకా మొహం కూడా కడగకముందే ఫోను చేస్తది మీ అక్క."